పేగు కదిలే దాకా

మా ఇంట్లో కోడలు మామతో నేరుగా మాట్లాడదు. నేను కాపురానికి వచ్చిన తొమ్మిదేళ్లలో మా మామ కృష్ణప్పతో ముఖాముఖి అన్న మాటలు పదికి మించవు. మాట్లాడుకోలేదని కాదు, రోజంతా మాట్లాడుకునేవాళ్లమే. మధ్యలో ఎవరో ఒకరు ఉండాలి, అంతే. మా అత్త ఉన్నన్నాళ్లూ ఆమె. ఆమె పోయాక నా కూతురు బుజ్జమ్మ. "బుజ్జీ, సంగటి సల్లారిపోతాందని చెప్పు మీ తాతకు" అని నేను వంటింట్లోంచి అనేదాన్ని. "వస్తాండానని చెప్పమ్మా మీయమ్మకు" అని ఆయన వాకిట్లోంచి అనేవాడు. బుజ్జమ్మ బడికి పోతే పిల్లి, పిల్లి కూడా లేకపోతే గోడ. మా మామ గోడకేసి చూసి "రేపు చెరుకు కొట్టేదానికి పదిమంది వస్తారు" అంటే మర్నాడు పదిమందికి వంట అయ్యేది. దీన్ని చూసి ఎవరైనా నవ్వితే నాకు ఒళ్లు మండేది. అది మర్యాద అనుకున్నాను. ఆ మర్యాద ఒక మనిషి ప్రాణం మీదికి తెస్తుందని పంతొమ్మిది వందల ఎనభై రెండు దాకా నాకు తెలియదు.

ఆ ఏడు మాఘమాసంలో, ఒక సోమవారం పొద్దున, సోమల రోడ్డు దిగుడులో మా చెరుకు బండి ముందుకు ఒరిగిపోయింది. కుడిపక్క ఎద్దు కాలుజారి మోకాళ్ల మీద పడింది. ముందు నడుస్తున్న మా మామ కడుపులో బండి నొగ, ఎద్దుల మధ్య ఉండే పొడవాటి కొయ్య, పొడిచింది, ఆయన పడ్డాక చక్రం కాలి మీదుగా పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అట్లాగన్నమాట. కాలు మోకాలి కింద వంకరపోయి, తోలు చీరుకుపోయి, చూసినవాళ్లకు కళ్లు తిరిగేటట్టు ఉంది. కడుపు మీద మాత్రం అరచేయంత కమిలిన మచ్చ, అంతే. దాంతో ఊరంతా కాలునే చూసింది. నేనూ కాలునే చూశాను.

పుంగనూరు ఆసుపత్రిలో కాలికి బద్దలు కట్టి మదనపల్లెకు తీసుకుపొమ్మన్నారు. నా మొగుడు మునిరత్నం కుప్పం దగ్గర రాళ్ల క్వారీలో గుమాస్తా, పదిహేను రోజులకొకసారి ఇంటికొస్తాడు. ఆయనకు టెలిగ్రాం ఇచ్చి, బుజ్జమ్మను పక్కింటి కుప్పమ్మ దగ్గర వదిలి, బెల్లం లారీలో మా మామను పడుకోబెట్టుకుని నేను బయలుదేరాను. తోడు వచ్చిన ఊరివాళ్లు మమ్మల్ని వార్డులో చేర్చి అదే లారీలో వెనక్కి పోయారు. టెలిగ్రాం కుప్పం పోస్టాఫీసుకు చేరి, అక్కడినుంచి క్వారీకి చేరేసరికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆయన దగ్గర నేనొక్కదాన్నే.

మంగళవారం కాలికి పిండికట్టు వేశారు. సర్జన్ డాక్టరు నడివయసు మనిషి, మాట తక్కువ. ఆయన మా మామ కడుపు నాలుగు చోట్ల నొక్కి "నొప్పా?" అని అడిగాడు.

"ఏం లేదు సామీ" అన్నాడు మా మామ.

ఆయన అంతే. తేలు కుట్టినా ఏం లేదనే మనిషి. పైగా కాలినొప్పికి ఇచ్చిన సూదిమందు మత్తులో ఉన్నాడు. డాక్టరు కడుపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు, ఎక్స్‌రే చూశాడు. తర్వాత నావైపు తిరిగి, "దెబ్బ తగిలిన పేగు కొన్నాళ్లు కదలకుండా పడుకుంటుందమ్మా. అది లేచిందని మనకు తెలిసేది ఒక్కటే గుర్తు, గాలి పోవడం. గాలి పోయేదాకా చుక్క నీళ్లు కూడా నోట్లో పోయొద్దు" అని చెప్పి వెళ్లిపోయాడు.

గాలి అంటే ఏ గాలో నాకు అర్థమయ్యేసరికి నా ముఖం వేడెక్కింది.

పక్క మంచం మీద బాబ్జాన్ అనే పుంగనూరు మనిషి ఉన్నాడు. రేకు డబ్బాలకు మాట్లు వేసేవాడు. వరిబీజం ఆపరేషన్ అయ్యింది. ఆయనదీ ఇదే వ్యవహారం, గాలి పోవాలి. కాకపోతే ఆయన భార్య గుల్జార్ బీకి మొహమాటమనేది ఎట్లా ఉంటుందో తెలియదు. పొద్దున కళ్లు తెరవగానే, వార్డులో ముప్ఫైమంది వినేటట్టు, "ఏం మియా, పోయిందా లేదా? జల్దీ పోనీ, నాకు ఇంటికాడ పని ఉండాది!" అని గద్దించేది. అందరూ నవ్వేవాళ్లు, బాబ్జాన్ కూడా. బుధవారం తెల్లవారేసరికి అది కాస్తా జరిగింది, గుల్జార్ బీ వరండా దాకా పోయి సిస్టరును పిలుచుకొచ్చి మరీ చెప్పింది. తొమ్మిదింటికి బాబ్జాన్ ఇడ్లీ తింటున్నాడు.

మా మామ ఆ ఇడ్లీ వైపు చూడలేదు. ఆయన కళ్లు గ్లాసులో నీళ్ల మీద ఉన్నాయి. పెదాలు పగిలి పొలుసులు లేచాయి. సెలైన్ సీసా వేలాడే ఇనప కమ్మీ వైపు చూస్తూ "దప్పి" అన్నాడు. ఇంట్లో గోడ ఎట్లాగో ఇక్కడ ఆ కమ్మీ అట్లాగ. నేనూ కమ్మీతోనే "డాక్టరు వొద్దన్నాడు కదా" అన్నాను. అడగాల్సింది అడగడానికి మాత్రం కమ్మీ ముందు కూడా నోరు పెగల్లేదు. తండ్రిలాంటి మనిషిని, పెళ్లయిన నాటినుంచి తలెత్తి చూడని మనిషిని, మామా నీకు గాలి పోయిందా అని ఎట్లా అడిగేది?

వార్డు సిస్టరు పేరు శాంతకుమారి. ముప్ఫై మంచాలకు ఒక్కతే. ఆమె చార్టు పట్టుకుని వచ్చి ముందు ఆయననే అడిగింది. "తాతా, గాలి పోయిందా?" మా మామ కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టు నటించాడు. ఆడపిల్ల అడిగితే ఆయన ఏం చెబుతాడు! సిస్టరు నావైపు తిరిగింది.

"ఏమ్మా, నువ్వు దగ్గరే ఉండావు కదా. పోయిండాదా?"

గుల్జార్ బీ చూస్తోంది. బాబ్జాన్ ఇడ్లీ నములుతూ చూస్తున్నాడు. మా మామ కళ్లు మూసుకునే వింటున్నాడు. పోలేదంటే ఇంకో రోజు ఎండిన నోరు. పోయిందంటే నీళ్లు.

"పోయింది సిస్టర్" అన్నాను.

ఆమె రాసుకుని, ఇంక నీళ్లు, గంజి పొయ్యొచ్చని చెప్పి పక్క మంచానికి పోయింది. ఒక్క మాట. సిగ్గుతో అన్నానా, ఆయన దప్పి చూడలేక అన్నానా అని ఎన్నిసార్లు తవ్వుకున్నా తెగలేదు. రెండూ కలిసే ఉంటాయి. కానీ జాలి వల్లే అన్నానని చెప్పుకుంటే అది ఇంకో అబద్ధమవుతుంది.

నీళ్లు పోశాను. మధ్యాహ్నం మజ్జిగతేట. సాయంత్రం ఆసుపత్రి వెనక రోగుల మనుషులు వండుకునే సాలలో పొయ్యి రాజేసి, బియ్యపు గంజి పలచగా కాచి, ఉప్పు వేసి తెచ్చాను. సగం గ్లాసు తాగి ఆయన ఆగాడు. నేను గ్లాసు అట్లాగే పట్టుకుని ఉన్నాను. మిగతాది కూడా తాగేశాడు. గురువారం పొద్దున ఇంకో గ్లాసు తెచ్చాను, అదీ తాగాడు. ఆయన ముఖం ముడుచుకుంటే ఉప్పు ఎక్కువైందేమో అనుకున్నాను.

గురువారం మధ్యాహ్నానికి జ్వరం వచ్చింది. చేయి వేస్తే పెనం మీద వేసినట్టుంది. ఊపిరి ఎగబోస్తున్నాడు. డాక్టరు వచ్చి చార్టు చూశాడు. గాలి పోయినట్టు, గంజి తాగినట్టు అందులో ఉంది. "అయితే కాలే చీము పట్టి ఉంటుంది" అని పిండికట్టును రంపంతో కోయించాడు. గాయం ఎర్రగా, శుభ్రంగా ఉంది. వాసన కూడా లేదు. డాక్టరు కాలు వంక చూస్తూ నుదురు రుద్దుకున్నాడు. "జ్వరం ఈ కాలుది కాదే" అని తనలో తాను అనుకున్నాడు. ఎందుకైనా మంచిదని సూదిమందు మార్చి పోయాడు.

 దుప్పటి కింద ఆయన పొట్ట ఎత్తుగా లేస్తోంది. చెబితే? అబద్ధమెందుకు చెప్పావంటారు. గెంటేస్తారేమో. నా మొగుడికి తెలుస్తుంది. చెప్పకపోతే? కాలుదే అయి ఉంటుంది, డాక్టరుకు తెలియదా, రేపటికి తగ్గుతుందిలే అనుకున్నాను. కక్కలేక మింగలేక ఆ పూటంతా మంచం కోడును పట్టుకుని కూర్చున్నాను. గుల్జార్ బీ రొట్టె తెచ్చి చేతిలో పెడితే అట్లాగే పక్కన పెట్టాను.

శుక్రవారం పొద్దున ఆయన నన్ను మా అత్త పేరుతో పిలిచాడు. "నారాయణమ్మా, ఎద్దులకు నీళ్లు పెట్టినావా?" అన్నాడు. కళ్లు ఎటో ఉన్నాయి. పొట్ట డోలులా బిగిసిపోయింది. మూత్రం సీసాలో అడుగున నాలుగు వేళ్ల మందం, అదీ చింతపండు పులుసు రంగు.  కమ్మీ లేదు, గోడ లేదు. ఆయన ముఖం మీదికి వంగి, రెండు చెంపలూ పట్టుకుని నావైపు తిప్పుకున్నాను.

"మామా! నేను రెడ్డెమ్మను. నిజం చెప్పు. నీకు గాలి పోయిందా?"

 ఆయన కళ్లు నెమ్మదిగా నా ముఖం మీద నిలిచాయి.

"లేదమ్మా. వచ్చిన కాన్నుంచీ లేదు."

"మరి గంజి యాల తాగితివి? కడుపు ఉబ్బరంగా ఉండాదని యాల చెప్పకపోతివి?"

"నువ్వు కాచి తెస్తివి కదా" అన్నాడు. "వొద్దనాలంటే నీతో మాట్లాడల్ల."

వద్దు అనడానికి ఆయనకూ మధ్యలో ఒక మనిషి కావలసివచ్చింది. అది లేక, పట్టని కడుపులోకి రెండు గ్లాసులు మింగాడు. అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. ఏడవడానికి టైం లేదు. పరుగెత్తుకుపోయి శాంతకుమారి సిస్టరు చేయి పట్టుకుని, నేను చెప్పింది అబద్ధమని చెప్పాను.

ఆమె ముఖం తెల్లబోయింది. "అయ్యో తల్లీ, ఎంత పని చేస్తివే! పోలేదని ఒక్క మాట చెప్పేదానికి ఏమొచ్చింది నీకు?" అంటూనే డాక్టరు గది వైపు పరుగెత్తింది. ఆ తర్వాత అంతా తొందర తొందర. డాక్టరు వచ్చి పొట్ట ముట్టుకున్నాడు, ఈసారి మా మామ ఏం లేదనలేదు, కెవ్వున అరిచాడు. ముక్కులోంచి గొట్టం దింపితే సీసాలోకి పచ్చటి నీళ్లు బొళబొళ పడ్డాయి. ఆపరేషన్‌కు తీసుకుపోతుండగా నా మొగుడు బస్సు దిగి, రాతి దుమ్ము బట్టలతో పరుగెత్తుకుంటూ వచ్చాడు. కాగితం మీద ఆయనే సంతకం పెట్టాడు. నేను ఆయనకు ఏమీ చెప్పలేదు.

మూడు గంటలు పట్టింది. డాక్టరు బయటికి వచ్చి వరండా బల్ల మీద కూర్చుని మమ్మల్ని పిలిచాడు.

"నొగ తగిలిన చోట పేగు జానెడు మేర కమిలి నల్లబడింది. మధ్యలో చిన్న చిల్లి. మొదట్లో శరీరమే దాన్ని ఎట్లాగో మూసి పెట్టుకున్నట్టుంది. తర్వాత తెరుచుకుంది. ఆ ముక్క కోసేసి, మంచి పేగును మంచి పేగుకు కుట్టాను."

"అంటే బాగయిపోయినట్లే కదా సార్?" అన్నాడు నా మొగుడు.

"చిల్లి బాగయింది. మంటే ఆరలేదు." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ప్రతి మనిషి పేగుల్లోనూ కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు ఉంటాయయ్యా. నీలో ఉన్నాయి, నాలో ఉన్నాయి. ఉన్నచోట ఉంటే ఏం చేయవు, మేలే చేస్తాయి. పేగు గోడ దెబ్బతిని, పేగు కదలక పడుకుంటే అవి గోడ దాటి బయటికి వస్తాయి. వాటిని చంపాలని ఒళ్లంతా ఒక్కసారి తిరగబడుతుంది. ఎలుకల కోసం ఇల్లు తగలబెట్టుకున్నట్టు. ఆ మంటలో ఊపిరితిత్తులు ఉబ్బుతాయి, మూత్రపిండాలు పని మానేస్తాయి. కాలు విరిగిన మనిషి ఊపిరాడక పోతాడు. మందు ఇస్తున్నాను. పేగు మళ్లీ కదిలితే మనిషి దక్కుతాడని నా ఆశ. అది కదలకముందే ఎవరైనా గుటకెడు పోస్తే, కుట్టిన కుట్టు ఊడిపోతుంది. రెండోసారి కోయడానికి ఆయనలో సత్తువ లేదు."

నా మొగుడు మందుల చీటీ తీసుకుని పోయాక నేను డాక్టరు వెనకే నడిచాను.

"అయ్యా, నేను అబద్ధం చెప్పినందుకేనా?"

ఆయన ఆగాడు. నన్ను ఓదార్చడానికి ఏదో ఒకటి అనేస్తాడనుకున్నాను. అనలేదు. "దెబ్బ నొగది. పోలేదని నువ్వు చెప్పి ఉంటే ఒకరోజు ముందు కోసేవాణ్ణేమో. చార్టు చూసి నేను కాలులో వెతికాను. ఆ ఒక రోజు ఎంత చేసిందో నేను చెప్పలేనమ్మా" అన్నాడు. ఆ నిజం నాకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

శనివారం, ఆదివారం, సోమవారం. ముక్కుకు ఆక్సిజన్, ముక్కులో గొట్టం, చేతికి సెలైన్, కింద మూత్రం సీసా. నేను ఊపిరి లెక్కపెట్టేదాన్ని. గడియారం ముల్లు ఒక చుట్టు తిరిగేలోపు శనివారం నలభై, ఆదివారం ముప్ఫై ఎనిమిది. సోమవారం మూత్రం కొంచెం పెరిగింది, మాట స్పష్టమైంది. నన్ను నా పేరుతోనే పిలిచాడు. కానీ పేగు లేవలేదు. డాక్టరు రోజుకు రెండుసార్లు పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి, తల అడ్డంగా ఊపి పోయేవాడు. "నాలుగు రోజుల దాకా చూస్తాం, ఐదు కూడా చూస్తాం. ఆ తర్వాత కష్టం" అన్నాడు. నేను టీ నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. ఆయన నోరు ఎండిపోయి ఉంటే నా నోట్లోకి ముద్ద పోలేదు.

మంగళవారం నాలుగో రోజు. పదకొండింటికి నా మొగుడు తండ్రి పక్కన కూర్చుని, "నాయనా, గాలి పోయిందా?" అని మెల్లగా అడిగాడు. కొడుకు కాబట్టి అడగగలిగాడు.

మా మామ ఎండిన పెదాలు నాక్కున్నాడు. "పోయింది" అన్నాడు.

నా మొగుడు ఎగిరి లేచాడు. వచ్చినప్పటినుంచి ఆయన ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు. "సిస్టరుకు చెప్పొస్తా" అంటూ కదిలాడు. నేను మాత్రం మా మామనే చూస్తున్నాను. ఆయన మాట అన్నాక కళ్లు కిటికీ వైపు తిప్పేశాడు. ముక్కు గొట్టంలోంచి పచ్చటి నీళ్లు ఇంకా దిగుతూనే ఉన్నాయి. పొట్ట మీద దుప్పటి ఇంకా బిగుతుగానే ఉంది. ఆ మాట ఎట్లా వస్తుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

"పోవద్దు" అన్నాను. "అది నిజం కాదు."

"ఏందే నువ్వు? నాయన నోటితోనే చెప్తాంటే నీకేం తెలుసు?"

"నాకే తెలుసు. ముందుసారి సిస్టరుకు పోయిందని చెప్పింది నేనే. పోలేదు. అడగను కూడా అడగలా. సిగ్గయి చెప్పేసినా. ఆ మాట నమ్మే గంజి పొయ్యమన్నారు. నా చేత్తోనే పోసినాను."

 నా మొగుడు నన్ను ఎప్పుడూ చూడనిదాన్ని చూసినట్టు చూశాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నాయనకేమన్నా అయితే" అన్నాడు పళ్ల మధ్యనుంచి, "నీ మొగం సూడను."

గుల్జార్ బీ లేచి మా వైపు రాబోయి ఆగింది. మంచం మీదనుంచి దగ్గు వినిపించింది. మా మామ మోచేతి మీద లేవడానికి ప్రయత్నిస్తున్నాడు, కుట్లు లాగి ముఖం నల్లబడింది.

"రేయ్ మునిరత్నం. గంజి తాగింది నేను. నోరు నాది." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "ఆయమ్మ అబద్ధం చెప్తే, నేను ఈడనే పడుకోని విన్నా. కాదని నేను చెప్పినానా? ఇప్పుడు చెప్పిందీ అబద్ధమే. గాలీ లేదు ఏమీ లేదు. సిస్టరు దగ్గరికి పోవద్దు."

ఎందుకు చెప్పాడో నేను అడగలేదు. దప్పికి ఓర్చుకోలేక అన్నాడో, నాలుగు రోజులుగా నేను తినడం లేదని గుల్జార్ బీ గొణుగుతుంటే విని అన్నాడో. నా మొగుడు గోడకానుకుని నిలబడిపోయాడు. కాసేపటికి బయటికి పోయి, వరండాలో తలపట్టుకుని కూర్చున్నాడు. సిస్టరు చార్టుతో వచ్చింది. మమ్మల్ని ముగ్గురినీ చూసి ఏమీ అడగకుండా నావైపే చూసింది.

"ఇంకా పోలేదు సిస్టర్" అన్నాను, అందరూ వినేటట్టు.

ఆమె రాసుకుంది.

బుధవారం ఐదో రోజు. డాక్టరు పొద్దున విన్నాడు, తల ఊపాడు, సాయంత్రం మళ్లీ చూస్తానన్నాడు. ఆ తర్వాత ఏం చేస్తాడో చెప్పలేదు, మేమూ అడగలేదు. బాబ్జాన్‌కు కుట్లు విప్పి ఇంటికి పొమ్మన్నారు. గుల్జార్ బీ మూట కట్టుకుని కూడా పోలేదు, సాయంత్రం బస్సుకు పోతానని మా మంచం దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. నా మొగుడు నాతో మాట్లాడలేదు. తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని మంచి కాలు పిసుకుతున్నాడు. రెండున్నరకు గొట్టంలో నీళ్లు దిగడం ఆగింది. అది మంచికో చెడ్డకో తెలియక నేను గొట్టాన్నే చూస్తూ ఉండిపోయాను. మా మామ కళ్లు పెద్దవి చేసి, ఏదో దూరపు మాట వింటున్నవాడిలా కదలకుండా పడుకున్నాడు. ఆయన కడుపులో గుడగుడమని చప్పుడు అయ్యింది. ఒకసారి, ఆగి మళ్లీ ఒకసారి.

తర్వాత జరగాల్సింది జరిగింది. పొడవుగా, వార్డు ఆ చివరిదాకా వినబడేటట్టు.

ఎవరూ నవ్వలేదు. గుల్జార్ బీ రెండు చేతులూ పైకెత్తి "యా అల్లా!" అంది. నా మొగుడు తండ్రి పాదం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. మా మామ దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. సిస్టరు తానే విని వచ్చింది, డాక్టరును పిలిచింది. ఆయన స్టెతస్కోపు పెట్టి విన్నాడు, ఈసారి తల అడ్డంగా ఊపలేదు. కంఠంలో ఇంకా జాగ్రత్తే ఉంది. "పేగు లేచింది. గండం పూర్తిగా గడిచిందని ఇప్పుడే అనను. గంటకు రెండు చెంచాల నీళ్లు. అంతకు మించి వద్దు."

సిస్టరు కాచి చల్లార్చిన నీళ్ల గ్లాసు, చెంచా తెచ్చి నా చేతికిచ్చింది.

చెంచా ముంచాను. నీళ్లు ఒలికిపోయాయి. మళ్లీ ముంచాను. నా చేయి మంచం పట్టె దాకా పోయి ఆగిపోయింది. డాక్టరు చెప్పాడు, సిస్టరు చెప్పింది, నా చెవులతో నేను విన్నాను. అయినా నా చేయి ఆ నోటి దగ్గరికి పోలేదు. నా మొగుడు చూసి, "ఇట్లియ్యి" అని నా చేతిలోంచి చెంచా తీసుకున్నాడు. తండ్రి నోటి దగ్గర పెట్టాడు.

మా మామ పెదాలు బిగించాడు. ఇన్నాళ్ల దప్పి ఉన్న మనిషి, నీళ్లు పెదాలకు తగులుతున్నా నోరు తెరవలేదు. కొడుకు వైపు చూసి తల ఊపాడు, నావైపు చూశాడు.

"నువ్వు పొయ్యమ్మా" అన్నాడు. "నీ చేత్తో పోస్తే నాకేం కాదు."

నా మొగుడు చెంచా నాకు తిరిగి ఇచ్చాడు. ఒక చెంచా పోశాను. గుటక దిగడం ఆయన గొంతులో చూశాను. ఆ నీళ్లు ఎక్కడిదాకా పోయి ఉంటాయో, ఆ కుట్టు మీదుగా ఎట్లా పోతున్నాయో అని ఆయన ముఖాన్నే చూస్తున్నాను. రెండో చెంచా నిండుగా ముంచి పట్టుకున్నాను. ఆయన నోరు తెరుచుకుని నా కోసం ఎదురుచూస్తున్నాడు.